చిన్న బొంత కుడుతూ తెలుసుకున్న చరిత్ర

మేము కుట్టిన మొదటి బొంత రెండు మూరల పొడవు, మూరెడున్నర వెడల్పు. ఊయలలో పరచడానికి సరిపోతుంది. చరిత్ర వ్యాసంలో బొంత సంగతి ఎందుకని అడగొచ్చు. మా లంబాడీల గురించి కాగితం మీద రాసింది ఎక్కువగా బయటివాళ్లే. మా ఆడవాళ్లు గుడ్డ మీద కుట్టుకున్నారు.

మూడు పాత నూలు చీరలు ఉతికి, ఆరేసి, మడతలు పెట్టి పొర మీద పొర పరిచాం. అరచేత్తో సాపు చేసి నాలుగు మూలలా రాళ్లు పెట్టాం. తొందరపడి అంచు నుంచే కుట్టు మొదలుపెట్టాం. అరగంటకే నడుమ గుడ్డ ఉబ్బి గుట్టలా లేచింది. యాడి నవ్వి మొత్తం విప్పించింది. ముందు నడుమ నుంచి నాలుగు దిక్కులకూ పెద్ద కుట్లు వదులుగా వేయాలట. పొరలు కదలకుండా నిలిచాకే అసలు కుట్టు. సూది మొన కింది వేలికి తగిలాకే పైకి తీయాలి, లేకపోతే అడుగు పొర కుట్టులో పడదు. చివరికి వదులు కుట్లు లాగేయాలి. మా వేళ్లకు పొక్కులొచ్చాయి.

మా పెద్దలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసిన వర్తకులు. లవణం నుంచే లమాన్, లంబాడా అన్న పేర్లు వచ్చాయని చెబుతారు. మొఘల్ సైన్యాలకు ధాన్యం చేరవేసిందీ బంజారాలే. బిడారులో ఇల్లంటే గుడ్డే: సంచి, పరుపు, ఎద్దు వీపు మీది కప్పు. చిరిగితే దారిలోనే కుట్టుకోవాలి. 19వ శతాబ్దపు రెండో సగంలో రైళ్లు వచ్చి ఆ వర్తకాన్ని మింగేశాయి. 1871లో బ్రిటిష్‌వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు, తిరిగే బతుకే అనుమానమైంది. 1952లో గానీ అది పోలేదు. తెలంగాణ లంబాడీలకు ఎస్టీ గుర్తింపు 1976 చట్టంతో వచ్చింది.

బిడారు పోయినా నడక ఆగలేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబర్ 11న జిల్లాలయ్యాయి. అంతకుముందు ఇదంతా మహబూబ్‌నగరే. మట్టి పనికి ముంబై, పుణె దాకా పోయిన పాలమూరు లేబర్ మూటల్లో గిన్నెలతోపాటు బొంత ఉండేది. ఎక్కడ పరిస్తే అక్కడే ఇల్లు. గద్వాల చీరకు నూలు ఒళ్లు, పట్టు అంచు అని పేరు. మా బొంతల్లో ఆ అంచు మాత్రం వెతికినా దొరకదు.

అద్దాలు, గవ్వలు కుట్టిన తన పేటియాను మా నాయనమ్మ ఒక స్టీలు బిందెకు ఇచ్చేసిందట. బిందె ఇప్పటికీ ఉంది. కర్ణాటకలోని సండూరులో లంబాడీ ఆడవాళ్లు అదే కుట్టుతో సంపాదించుకుంటున్నారు. 2023లో హంపిలో జి20 సమావేశాలప్పుడు 450 మందికి పైగా ఆడవాళ్ల చేతిపని, మొత్తం 1,755 వస్తువులు, ప్రదర్శించి గిన్నిస్ రికార్డు అందుకున్నారు. ఆ వార్త చదివి సంతోషించాం, బిందె వైపు చూసి కోపమూ వచ్చింది.

యాడి పెట్టె అడుగున ఆ పేటియా అంచు జానెడు ముక్క మిగిలింది. దాన్ని బొంతలో కుట్టాలా, దాచాలా అని రెండు రోజులు వాదించుకున్నాం. నడుమ పెట్టి కుట్టేశాం. బడిలో సార్లు అడిగితే తెచ్చి చూపిస్తాం. ఇవ్వం.