కొండెక్కించింది బండి కాదు, రోడ్డు

తిరుపతిలో కోటి దాటిన డిఫెండర్‌నో, రెండు కోట్లు దాటిన ల్యాండ్ క్రూజర్‌నో కొనదలచినవారు ముందుగా చూపే కారణం మన కొండలు. ఆ కారణం నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి షోరూమ్ కంటే తిరుమల దారి చరిత్ర ఎక్కువ పనికొస్తుంది. 1944కు ముందు ఆ కొండ మీదికి మోటారు దారి లేదు. అలిపిరి నుంచి మెట్లెక్కాలి, లేదా చంద్రగిరి వైపు నుంచి శ్రీవారి మెట్టు పట్టాలి. నడవలేనివాళ్లను డోలీల్లో మోసుకెళ్లేవారు. ఈ కష్టానికి విరుగుడు బలమైన బండి రూపంలో రాలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య రూపకల్పన చేసిన ఘాట్ రోడ్డు 1944 ఏప్రిల్‌లో తెరుచుకుంది. మెట్లదారి సుమారు 9 కిలోమీటర్లలో ఎక్కే ఎత్తును ఆ రోడ్డు మలుపులు తిప్పుతూ 19 కిలోమీటర్లకు పరిచింది. వాలు తగ్గేసరికి మామూలు ఇంజనే సరిపోయింది. ఆనాటి బస్సుల్లో ఫోర్ వీల్ డ్రైవ్ లేదు, ఎయిర్ సస్పెన్షన్ లేదు. జనాన్ని పైకి చేర్చినవి అవే. 1974లో రెండో రోడ్డు వచ్చాక ఎక్కడానికొకటి, దిగడానికొకటి అయ్యాయి. ఇప్పుడు ఎలక్ట్రిక్ బస్సులు కూడా అదే దారిన తిరుగుతున్నాయి.

అలాగని నాలుగు చక్రాలకూ బలమిచ్చే బండికి ఈ సీమలో ఎన్నడూ పని లేదనలేం. రెండో ప్రపంచ యుద్ధం కోసం పుట్టిన విల్లీస్ జీపును స్వాతంత్ర్యం వచ్చిన కాలంలోనే మహీంద్రావారు మన దేశంలో కూర్చడం మొదలుపెట్టారు. 1952లో సమాజాభివృద్ధి పథకం మొదలయ్యాక బ్లాకు ఆఫీసు జీపు పల్లె ముఖం చూసింది. అప్పట్లో చాలా ఊళ్లకు బండ్లబాటే దిక్కు. వంక దాటాలంటే జీపే కావాలి. అయితే అందులో దిగేది అధికారో, నాయకుడో. పల్లకీకి ఉన్న హోదా అలా జీపుకు దక్కింది. తర్వాత ఊరూరికీ తారు రోడ్డు పడింది, జీపుకు పని తగ్గింది. హోదా మాత్రం తగ్గలేదు. 1994లో వచ్చిన టాటా సుమోకు ఆ హోదాను సీమ సినిమాలు మరింత పెంచాయి. నేటి ఖరీదైన బండి జీపు నుంచి వారసత్వంగా తీసుకున్నది హోదానే, పనిని కాదు. పన్ను చట్టానికి కూడా బండి పొడవు, ఇంజను, నేల నుంచి ఎత్తు కావాలి గానీ, అది బురదలో దిగిందా లేదా అన్నది అక్కర్లేదు.

శేషాచలం అడవి ఉంది కదా అనవచ్చు. ఉంది; కానీ 1989 నుంచి అందులో పెద్ద భాగం శ్రీవేంకటేశ్వర జాతీయ వనం, 2010లో ఆ కొండలు జీవావరణ రిజర్వు అయ్యాయి. అక్కడ దారి వదిలి బండి నడిపే హక్కు అటవీ సిబ్బందికి, ఎర్రచందనం దొంగల వెంటపడే టాస్క్‌ఫోర్స్‌కు ఉంటుంది, మనకు ఉండదు. వరదల మాటేమిటన్నది ఇంతకంటే గట్టి ప్రశ్న. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు మునిగాయి, ఎత్తైన బండి ఉన్నవాళ్లకు ఆ రోజుల్లో కొంత మేలు జరిగే ఉంటుంది. కానీ డిసెంబరు 1న బండరాళ్లు పడి ఎగువ ఘాట్ రోడ్డు దెబ్బతిన్నప్పుడు చిన్నకారూ, కోటి రూపాయల కారూ ఒకే చోట ఆగాయి. రోడ్డు బాగుపడ్డాకే ఆ దారిన రెండూ కదిలాయి. ఇక భద్రత అంటారా, ఘాట్‌లో దాన్ని కాపాడేది వేగ నియంత్రణ: ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నిబంధన ముందు ఇంజను బలం అక్కరకు రాదు.

మామిడి తోటలోకి, కొండవాలు పొలంలోకి రోజూ వెళ్లే రైతు సంగతి వేరు. అతనికి ఆ బలం అవసరమే. అందుకు సరిపోయే పికప్‌లను ఇసుజు 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారుచేస్తోంది, డిఫెండర్ ధరలో చిన్న భాగానికే. మిగిలినవాళ్లు సంతకం పెట్టేముందు, నిరుడు తారు దిగి ఎన్ని కిలోమీటర్లు నడిపారో లెక్క చూసుకోండి. అయినా ముచ్చటపడితే కొనుక్కోండి, ఆ ఖర్చును ముచ్చట ఖాతాలోనే రాసుకోండి.