ల్యాప్‌టాప్‌లకు తాత లాంటి కంప్యూటర్.. తెచ్చింది అరుణాచలంలో పెరిగిన కుర్రాడే! రెండేళ్లకే కంపెనీ ఎందుకు దివాలా తీసింది?

పౌర్ణమికి సిద్దిపేట నుంచి అరుణాచలం బస్సెక్కేవాళ్లు చాలామందే ఉంటారు. గిరిప్రదక్షిణ చేసి, రమణాశ్రమంలో కాసేపు కూర్చుని వస్తారు. అదే ఊళ్లో పెరిగిన ఓ బ్రిటిష్ కుర్రాడు.. తర్వాత అమెరికా వెళ్లి, జనం ఎగబడి కొన్న మొదటి పోర్టబుల్ కంప్యూటర్‌ని మార్కెట్లోకి తెచ్చాడని తెలుసా? ఆయన పేరు ఆడమ్ ఆస్బర్న్.

1939లో బ్యాంకాక్‌లో పుట్టాడు. తండ్రి ఆర్థర్ ఆస్బర్న్ రమణ మహర్షి భక్తుడు, మహర్షి జీవిత చరిత్ర రాసింది ఈయనే. రెండో ప్రపంచ యుద్ధంలో తండ్రిని జపాన్ సైన్యం బ్యాంకాక్‌లో నిర్బంధిస్తే, తల్లీపిల్లలు తిరువణ్ణామలైలోనే ఉన్నారు. ఆడమ్ బాల్యం అలా అక్కడ గడిచింది. పెద్దయ్యాక కెమికల్ ఇంజినీర్ అయ్యాడు. కంప్యూటర్ల మీద పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్నాడు.

11 కిలోల 'పోర్టబుల్'!

1981 ఏప్రిల్‌లో ఆస్బర్న్-1 వచ్చింది. బరువు సుమారు 11 కిలోలు. అంటే 25 కిలోల బియ్యం సంచిలో దాదాపు సగం! స్క్రీన్ మాత్రం 5 అంగుళాలే. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్ స్క్రీనే దానికంటే పెద్దది. పైగా లోపల బ్యాటరీ లేదు, ప్లగ్గు పెట్టాల్సిందే. మోసుకెళ్లొచ్చు గానీ దారిలో వాడలేం అన్నమాట.

మరి ఎందుకు కొన్నారు? ధర. 1,795 డాలర్లు. అప్పటి రేటులో 15 వేల రూపాయలకు పైనే. మన దగ్గర అది పెద్ద మొత్తమే, కానీ అమెరికాలో మిగతా కంప్యూటర్లతో పోలిస్తే చవక. పైగా వర్డ్‌స్టార్, సూపర్‌క్యాల్క్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితం. విడిగా కొంటే వాటికే సుమారు 1,500 డాలర్లు అయ్యేది! ఒక దశలో నెలకు 10 వేల కంప్యూటర్లు అమ్ముడయ్యాయి.

పోటీ మొదలైంది..

1982లో కేప్రో-2 దిగింది. ధర సరిగ్గా అదే 1,795 డాలర్లు, స్క్రీన్ మాత్రం 9 అంగుళాలు. కొనేవాడికి ఇంకేం కావాలి? ఆ ఏడాదే వచ్చిన గ్రిడ్ కంపాస్ ఇప్పటి ల్యాప్‌టాప్‌లా మడిచేది. కానీ 8,150 డాలర్లు కావడంతో మామూలు జనానికి అందలేదు. నాసా మాత్రం స్పేస్ షటిల్‌లో వాడింది.

అసలు దెబ్బ కాంపాక్‌ది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వదిలి వచ్చిన ముగ్గురు పెట్టిన కంపెనీ ఇది. వాళ్ల పోర్టబుల్ 12 కిలోలు దాటింది, ధర 2,995 డాలర్లు. అయినా 1983లో, మొదటి ఏడాదే 53 వేలు అమ్ముడయ్యాయి. కారణం ఒక్కటే.. ఐబీఎం పీసీ సాఫ్ట్‌వేర్ అందులో నడిచేది. ఆస్బర్న్‌లో నడవదు.

సరిగ్గా ఆ టైంలోనే ఆస్బర్న్ కంపెనీ 'ఎగ్జిక్యూటివ్' అనే కొత్త మోడల్ వస్తోందని ముందే చెప్పేసింది. "కొత్త ఫోన్ వస్తుందట, కొన్నాళ్లు ఆగుదాం" అని మనం అనుకోమా? డీలర్లూ అదే చేశారు. పాత స్టాక్ కదల్లేదు. 1983 సెప్టెంబర్‌లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. వ్యాపార పాఠాల్లో దీన్ని ఇప్పటికీ 'ఆస్బర్న్ ఎఫెక్ట్' అంటారు. అయితే తప్పంతా ఆ ఒక్క ప్రకటనదే అనడం సరికాదు. కేప్రో, కాంపాక్ అప్పటికే కస్టమర్లను లాగేసుకున్నాయి.

ఆడమ్ ఆస్బర్న్ చివరికి ఇండియాకే తిరిగొచ్చాడు. 2003 మార్చిలో కొడైకెనాల్‌లో కన్నుమూశాడు.

ధర తగ్గించి గెలుద్దామన్న ప్రయత్నం మన హైదరాబాద్ కూడా చూసింది. 2011 అక్టోబర్‌లో కేంద్రం విద్యార్థుల కోసం తెచ్చిన 'ఆకాశ్' ట్యాబ్లెట్ అసెంబ్లింగ్ ఇక్కడే జరిగింది. డేటావిండ్ కంపెనీ ప్రభుత్వానికి ఇచ్చిన ధర 2,276 రూపాయలు. ప్రాసెసర్ 366 మెగాహెర్ట్జ్, టచ్ స్క్రీన్ గట్టిగా నొక్కితే గానీ పనిచేయని రకం. స్లో అని, బ్యాటరీ నిలవట్లేదని ఫిర్యాదులు వచ్చాయి. దాంతో 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, మెరుగైన టచ్ స్క్రీన్‌తో ఆకాశ్-2 తయారైంది. 2012 నవంబర్ 11న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ దాన్ని ఢిల్లీలో విడుదల చేశారు.