సున్నా అంటే సున్నాయేనా?

రోలుగుంట నుంచి ఓ మనిషిని బెల్లం అమ్ముకురమ్మని అనకాపల్లి మార్కెట్‌కి పంపామనుకోండి. సాయంత్రానికి ఖాళీ చేతుల్తో తిరిగొచ్చాడు. సరుకు అమ్ముడుపోలేదా? డబ్బు రేపిస్తామన్నారా? అసలు మార్కెట్టే తెరవలేదా? అతను నోరు విప్పితే గానీ తెలీదు.

సీ లాంగ్వేజ్‌లో ఏటూఐ ఫంక్షన్ సరిగ్గా ఇలాంటి మనిషే. అంకెల్లో "0" ఇచ్చినా సున్నా తెస్తుంది, "ఎన్ఏ" అని ఇచ్చినా సున్నాయే తెస్తుంది. ఓసారి నా ప్రోగ్రాంలో ఇలాంటి దొంగ సున్నాలు రెండు రోజులపాటు రిపోర్టుల్లోకి వెళ్ళిపోయాయి. తప్పు నాదేలెండి. కానీ ఈ తిప్పలు ఎక్కణ్ణుంచి వచ్చాయా అని చూస్తే, దీనికి పెద్ద చరిత్రే ఉంది.

1949లో కేంబ్రిడ్జిలో ఎడ్‌శాక్ కంప్యూటర్ మొదలైనప్పుడు, ఫలితం సంగతి తర్వాత, పిలిచిన చోటికి తిరిగి రావడమే సమస్య! డేవిడ్ వీలర్ ఉపాయం ప్రకారం సబ్‌రొటీన్ తన చివరి ఆర్డర్‌ని తనే మార్చుకుని వెనక్కి దూకేది. 1958లో వచ్చిన ఫోర్‌ట్రాన్ 2లో ఫంక్షన్ తన పేరుకే విలువ ఇచ్చుకునేది. ఒక పేరు, ఒక విలువ. చెడు కబురుకి వేరే చోటు లేదు.

1970ల్లో సీ వచ్చాక కూడా అంతే. అందుకే చెడు కబురుని కూడా అదే సంచిలో కుక్కారు: -1, నల్ వగైరా. గెట్‌చార్ అక్షరం తెచ్చేదే అయినా దాని టైపు ఇంట్ ఎందుకో తెలుసా? ఏ అక్షరంతోనూ కలవని ఈఓఎఫ్ కూడా అందులో పట్టాలి కాబట్టి.

మరి ఎక్సెప్షన్లో? కబురు వేరే దారిలో వస్తుంది, నిజమే. పట్టుకునేవాడుండాలి కదా! 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్‌లో 64 బిట్ల సంఖ్య 16 బిట్లలో పట్టక ఎక్సెప్షన్ వచ్చింది. దాన్ని సంభాళించే కోడ్ అక్కడ లేదు. సుమారు 40 సెకన్లలో రాకెట్ పేలిపోయింది.

2009లో గూగుల్ విడుదల చేసిన గో భాష, ఫలితాన్నీ ఎర్రర్‌నీ పక్కపక్కనే రిటర్న్ చెయ్యడాన్ని అలవాటు చేసింది. డబ్బు ఓ చేతిలో, చీటీ ఇంకో చేతిలో అన్నమాట. బానే ఉంది. కానీ అక్కడా ఓ అండర్‌స్కోర్ పెట్టి చీటీని పారేసేవాళ్ళున్నారు!

డెబ్భై ఏళ్ళుగా భాషలు చీటీ రాసివ్వడం నేర్చుకుంటూనే ఉన్నాయి. చదవాల్సింది మాత్రం మనమే. ఏమంటారు?