పన్నెండు మెట్ల కిన్నెర: పాట సినిమాకెక్కింది, మరి కులం?

2021 సెప్టెంబర్ 2న ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట విడుదలైనప్పుడు చాలామంది మొదటిసారి విన్న గొంతు దర్శనం మొగులయ్యది. పాత మహబూబ్‌నగర్, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలోని అవుసలికుంట ఆయన ఊరు. కులం డక్కలి. తమన్ సంగీతం చేసిన ఆ పాటను మొగులయ్య ఎత్తుకుంటే, తర్వాత అందుకున్న గొంతుల్లో ఒకటి రామ్ మిర్యాలది. ఆయన చౌరస్తా బ్యాండ్‌తో పేరు తెచ్చుకున్న గాయకుడు. అట్లా కొత్త తరం తెలుగు బ్యాండు గొంతూ, తరాల నాటి కిన్నెరా ఒకే పాటలో కలిశాయి. బ్యాండు పాటలు విద్యార్థుల ఫోన్లలో ఎట్లాగూ ఉన్నాయి కాబట్టి ఇక్కడ కిన్నెర సంగతే చెబుతాం.

వెదురు దండి, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, దండి మీద మైనంతో అతికించిన మెట్లు. స్థూలంగా కిన్నెర అంటే ఇదే. ఏ మెట్టు దగ్గర తీగ నొక్కితే ఆ స్వరం పలుకుతుంది. గిటారు పట్టిన వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది, అక్కడ ఫ్రెట్ ఎట్లాగో ఇక్కడ మెట్టు అట్లాగే. తీగలకు ఒకప్పుడు గుర్రపు వెంట్రుకలు, నరాలు వాడేవారు. తర్వాత లోహపు తీగలొచ్చాయి. మూడు బుర్రలతో పన్నెండు మెట్లుండే కిన్నెర అరుదు. ఇది దుకాణంలో దొరికే సరుకు కాదు, వాయించేవాళ్లే చేసుకోవాలి. వాయించే మనిషి పోతే చేసే చేయి కూడా పోతుంది.

డక్కలివాళ్లు మాదిగల ఆశ్రిత కులం. మాదిగ వాడలకు వచ్చి జాంబపురాణం చెప్పడం, మాదిగల గోత్రాలు, వంశాలు పాడడం వాళ్ల వృత్తి. ఊరు మాదిగలను వెలివేస్తే, మాదిగ వాడ డక్కలివాళ్లను తన అంచున నిలబెట్టింది. ఈ మాట మన సభల్లో తక్కువగా వినిపిస్తుంది. తన చరిత్రను నోట దాచిపెట్టిన వాళ్లతోనే అంటు పాటించిన వాడ మనది. కుల నిర్మూలన గురించి మాట్లాడేటప్పుడు దీన్ని దాటవేయలేం.

ఆ సినిమా పాట మొదలు మరోసారి వినండి. కథానాయకుడు ఏ తావున పుట్టాడో, తల్లీతండ్రీ ఎవరో, తాతముత్తాతలు ఎవరో వరసగా వస్తుంది. వంశం పాడే పద్ధతి అది. వాడలో కులానికి చెప్పిన పుట్టుక కథ తెర మీద హీరోకు బిల్డప్ అయింది. తప్పని అనం. ఆ పాట వల్లే కిన్నెర పేరు ఇంటింటికీ చేరింది. కానీ మొగులయ్య అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే పండుగ సాయన్న కథ పాడుతున్నాడు. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన పాలమూరు వీరుడి కథ అది. పూర్తిగా పాడితే గంటలు పట్టే కథాగానానికి సినిమా ఇచ్చిన చోటు పాటకు ముందు కొన్ని క్షణాలే.

తర్వాత గౌరవాలు వచ్చాయి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కోటి రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం ప్రకటించారు. మొగులయ్య గురించి ఎనిమిదో తరగతి పాఠ్యపుస్తకంలో అప్పటికే చేర్చారు. 2024 మేలో అదే మనిషి హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో నిర్మాణ పనుల దగ్గర కూలి చేస్తున్న దృశ్యాలు బయటికి వచ్చాయి. నెలనెలా రావాల్సిన పదివేల పింఛను ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నాడు. కోటి ఏం చేశాడని కొందరు వెంటనే లెక్క అడిగారు. కూలి మనిషి చేతికి ఒక్కసారి డబ్బొస్తే పెళ్లిళ్లు, వైద్యం, ఇల్లు అన్నీ ఒక్కసారే ముందుకొస్తాయి. పేదోడి ఖర్చుకు అడిగినంత గట్టిగా లెక్క ఈ సమాజం ఇంకెవరినీ అడగదు.

చెన్నైలో దారి వేరు. దర్శకుడు పా. రంజిత్ చొరవతో, టెన్మా సంగీత నాయకత్వంలో ఏర్పడ్డ ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ 2018 జనవరిలో మొదటిసారి వేదికెక్కింది. గానా పాట, పరై, ర్యాప్, రాక్ గిటారు ఒకే బృందంలో నిలిచాయి. అక్కడ పాట ఎవరి కోసం, ఏ మాట పాడాలి అన్నది బృందమే తేల్చుకుంది. మొగులయ్యది ఒంటరి ప్రయాణం. ఒక్క మనిషిని పిలిచారు, పాడించుకున్నారు, సన్మానించారు. వెనక ఒక బృందం గానీ, కిన్నెర చేసే శిష్యులు గానీ తయారయ్యే ఏర్పాటు ఎవరూ చేయలేదు.

తెలంగాణ ఎస్సీ వర్గీకరణ 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులు చేసి, డక్కలివాళ్లను మొదటి గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపులో 15 కులాలు, వాటన్నిటికీ కలిపి 1 శాతం. ఆ వాటా చేతికి రావాలన్నా ముందు పిల్లలు బడి దాటి పైకి రావాలి. అదే ఏడాది పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరును తెలుగు విశ్వవిద్యాలయానికి పెట్టారు. ఆ విశ్వవిద్యాలయంలో కిన్నెర చేయడం, వాయించడం నేర్పే కోర్సు పెట్టాలని, మొదటి గురువుగా మొగులయ్యను జీతమిచ్చి నియమించాలని, డక్కలి పిల్లలకు హాస్టల్‌తో పాటు సీట్లు ఇవ్వాలని విద్యార్థి సంఘాలు అడగాలి.