కమాండ్ లైన్ నుండి విండో దాకా: జీడీబీ డీబగ్గర్ రూపపరిణామం

వ్యాస సంగ్రహం:
ప్రోగ్రాముల్లోని దోషాలను వెదకడానికి వాడే జీడీబీ అనే ఉపకరణం కమాండ్ లైన్ నుండి గ్రాఫికల్ విండోకు చేరిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మనిషి కోసం రాసిన వాక్యాలను మరో ప్రోగ్రాము చదవవలసి రావడమే ఈ మార్పులో ఎదురైన ప్రధాన సమస్య అని, అది మూలతః భాషాసంబంధి అని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: డీబగ్గర్, కమాండ్ లైన్, గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్, జీడీబీ, డీడీడీ, స్థానికీకరణ.

ఉపోద్ఘాతం:
ప్రోగ్రాము రాయడం ఒక ఎత్తు, అది ఎక్కడ తప్పుతోందో కనుక్కోవడం మరో ఎత్తు. నడుస్తున్న ప్రోగ్రామును కోరిన చోట ఆపి, ఒక్కొక్క పంక్తిగా నడిపించి, అప్పటి విలువలను చూపే సాధనమే డీబగ్గర్. గ్నూ ప్రాజెక్టులో భాగంగా రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో జీడీబీని రూపొందించారు. బర్క్‌లీ యూనిక్స్‌తో వచ్చిన డీబీఎక్స్ దీనికి నమూనా.

1. ప్రశ్నోత్తర రూపం:
జీడీబీతో పని సంభాషణలా సాగుతుంది. ‘బ్రేక్’ అని ఆగవలసిన చోటు చెప్పాలి. ‘నెక్స్ట్’ అంటే తర్వాతి పంక్తికి వెళుతుంది. ‘ప్రింట్’ అని అడిగితే విలువను చెబుతుంది. ఏ ఫంక్షను దేనిని పిలవగా ఇక్కడికి చేరామో ‘బ్యాక్‌ట్రేస్’ వివరిస్తుంది. ఈ పద్ధతికి కొన్ని సౌలభ్యాలున్నాయి. దూరాన ఉన్న కంప్యూటరుపైన కూడా అక్షరాలు మాత్రమే పంపుకొని పనిచేయవచ్చు. ఆదేశాలను ఒక ఫైలులో రాసిపెట్టుకొని మళ్ళీ మళ్ళీ నడపవచ్చు.

పరిమితి దత్తాంశ నిర్మాణాల దగ్గర బయటపడుతుంది. లింక్డ్ లిస్టులో ప్రతి అంశమూ తన తర్వాతి అంశం చిరునామాను దాచుకుంటుంది. పది అంశాలను చూడాలంటే ఒకదాని వెంట ఒకటిగా అడుగుతూ, వాటి ఆకారాన్ని మనసులోనో కాగితం మీదో గీసుకోవాలి.

2. ఒకే పాఠం, ఇద్దరు పాఠకులు:
ఈమాక్స్ ఎడిటరు జీడీబీని తన లోపలే నడిపి, ప్రోగ్రాము ఆగిన పంక్తిని మూలపాఠంలో గుర్తుతో చూపేది. ఇందుకోసం జీడీబీలో ‘ఫుల్‌నేమ్’ అనే ఐచ్ఛికాన్ని ఏర్పరచారు. దానిని ఎంచుకుంటే, ప్రోగ్రాము ఆగినప్పుడల్లా జీడీబీ రెండు కంట్రోల్-జెడ్ సంకేతాలను, వాటి వెంట ఫైలు పేరును, పంక్తి సంఖ్యను వెలువరిస్తుంది. మనిషికి అక్కరలేని ఆ గుర్తులు ఈమాక్స్ కోసం ఉద్దేశించినవి. అంటే ఒకే పాఠాన్ని ఇద్దరు పాఠకులు చదవడం మొదలైంది.

3. డీడీడీ: గీతలుగా మారిన సమాధానాలు:
జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆండ్రియాస్ జెల్లర్, డొరోథియా ల్యూట్‌కెహౌస్ డీడీడీని నిర్మించారు. దానిని పరిచయం చేసిన వారి వ్యాసం 1996 జనవరి ‘సిగ్‌ప్లాన్ నోటీసెస్’లో వెలువడింది. వారు డీబగ్గరును తిరిగి రాయలేదు. దానిని విడిగా నడుపుతూ, మనిషి టైపు చేసే ఆదేశాలనే డీడీడీ చేత పంపించి, వచ్చిన సమాధానాలను చదివించి, బొమ్మగా గీయించారు. దత్తాంశాలు పెట్టెలయ్యాయి, చిరునామాలు బాణాలయ్యాయి. బాణానికి మూలమైన విలువపై మౌసుతో రెండుసార్లు నొక్కితే తర్వాతి పెట్టె తెరుచుకుంటుంది. ఆదేశాలు టైపు చేసే భాగాన్ని కూడా విండోలో అట్టే ఉంచారు. ఈ పద్ధతి వల్ల డీబీఎక్స్ వంటి ఇతర డీబగ్గర్లకూ అదే విండో ముఖం కాగలిగింది.

అయితే ఒక్కొక్క డీబగ్గరుది ఒక్కొక్క వాక్యరీతి. ప్రతిదానినీ చదవడం విడివిడిగా నేర్పాలి. కొత్త సంచికలో ఒక మాట మారినా చదవడం తప్పిపోవచ్చు. ప్రాచీన కావ్యాలను పరిష్కరించేవారికి ఈ ఇబ్బంది తెలిసినదే. చిన్న పాఠాంతరం ఎదురైతే సహృదయుడు సందర్భాన్ని బట్టి అర్థం గ్రహిస్తాడు. ప్రోగ్రాముకు ఆ వెసులుబాటు లేదు.

4. యంత్రానికి వేరే వ్యాకరణం:
ఈ ఇబ్బందికి పరిష్కారంగా జీడీబీకి ‘ఎంఐ’ అనే యంత్ర ఇంటర్‌ఫేస్ ఏర్పడింది. ఇందులో ఆదేశాలు హైఫన్‌తో మొదలవుతాయి. సమాధానంలోని మొదటి గుర్తు దాని జాతిని తెలుపుతుంది. ఆదేశ ఫలితానికి క్యారట్, ప్రోగ్రాము ఆగినట్లు తెలిపే వార్తకు నక్షత్రం, మనిషికి చూపవలసిన పాఠానికి టిల్డె. ఆదేశానికి ముందు ఒక సంఖ్యను చేరిస్తే అదే సంఖ్య సమాధానంతో తిరిగి వస్తుంది. కనుక ఏ జవాబు ఏ ప్రశ్నకో సందేహం ఉండదు. ఎక్లిప్స్ వంటి అభివృద్ధి సాధనాలు ఈ మార్గాన్నే వాడుకున్నాయి.

5. తెలుగుకు సంబంధించిన అంశం:
నోమ్ వంటి డెస్క్‌టాప్‌ల మెనూలు స్వచ్ఛంద కార్యకర్తల కృషితో తెలుగులోకి వచ్చాయి. ఇదే విధంగా డీబగ్గరు సందేశాలనూ తెనిగించామనుకుందాం. ‘బ్రేక్‌పాయింట్’ అనే ఇంగ్లీషు మాట కోసం ఎదురుచూసే విండో ప్రోగ్రాము అక్కడే చతికిలబడుతుంది. లోపలి ఉపకరణాన్ని ఇంగ్లీషులోనే మాట్లాడించడం ప్రోగ్రామర్లకు తెలిసిన ఉపాయం. కానీ ఆ ఉపాయం వల్ల అనువాదకుని శ్రమ వినియోగదారునికి చేరకుండా పోతుంది. యంత్రం చదివే గుర్తులను, మనిషి చదివే వాక్యాలను వేరుచేసిన చోట ఆ వాక్యాలను నిర్భయంగా తెలుగులోకి మార్చవచ్చు.

ముగింపు:
విండో వచ్చినంత మాత్రాన కమాండ్ లైన్ అంతరించలేదు, విండో వెనుక అదే పనిచేస్తోంది. ఈ పరిణామంలో కంటికి కనిపించేది బొమ్మ, దానిని నిలబెట్టినది భాషావిభజన. తెలుగులో కంప్యూటరు వినియోగం గురించిన చర్చలు ఫాంట్లు, కీబోర్డుల చుట్టూ ఎక్కువగా సాగుతున్నాయి. ఏ పాఠం ఎవరి కోసం రాసినదన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యం. పాఠకుని బట్టి పాఠాన్ని వింగడించడం భాషాశాఖల్లో నిత్యం జరిగే పనే. అందువల్ల సాఫ్ట్‌వేర్ స్థానికీకరణలో తెలుగు పరిశోధకులు పదాలు సమకూర్చడంతో ఆగిపోక, అనువదించవలసిన పాఠాన్ని నిర్ణయించే దశలోనే పాలుపంచుకోవాలి.