టీముకు వఫాదారీ, పార్టీకి హిసాబ్



మన ఇళ్ళల్లో దస్తర్‌ఖాన్ మీద సాలన్ చల్లారిపోయేది రెండే రెండు బహస్‌ల వల్ల. ఒకటి ఆట, రెండోది సియాసత్. ఆట గురించి మాట్లాడేటప్పుడు మనమంతా సెలెక్టర్లమే. వాణ్ణి ఎందుకు తీసుకున్నారు, వీణ్ణి ఎందుకు కూర్చోబెట్టారు, కోచ్‌ని మార్చండి, కెప్టెన్‌ని దించండి అంటాం. ఒక్క మ్యాచ్ ఓడితే చాలు, నిన్నటి హీరో ఇవాళ గద్దార్. అదే పార్టీ దగ్గరికొస్తే ఐదేళ్ళు నల్లా రాకపోయినా, నాలా పొంగినా, "ఏదేమైనా మనోళ్ళే కదా భాయ్" అంటాం.

నా ఉద్దేశంలో ఇది పూర్తిగా ఉల్టా వ్యవహారం. వఫాదారీ ఉండాల్సింది టీముకు, హిసాబ్ అడగాల్సింది పార్టీని. టీము ఓడినా దాన్ని వదలకపోవడమే అభిమానం. పార్టీ పని చేయకపోయినా వదలకపోవడం అభిమానం కాదు, గులామీ. ఈ మాట గాల్లోంచి చెప్పడం లేదు. మన శహర్ ఫుట్‌బాల్ తారీఖే దీనికి గవాహీ.

ముందు నేనుండే ఇలాకా గురించి. ఫిలింనగర్ కొండ కింద, షేక్‌పేట్ వైపు మా ఇల్లు. తెలుగు దేశంలో "ఫ్యాన్" అనే మాటకు అసలు కార్ఖానా ఈ కొండే. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి మెల్లమెల్లగా ఇటు తరలివచ్చింది. స్టూడియోలు, డబ్బింగ్ థియేటర్లు, హీరోల బంగళాలు లేచాయి. వాటితో పాటు అభిమాన సంఘాలూ పెరిగాయి. 1982లో ఎన్.టి.రామారావు పార్టీ పెడితే తొమ్మిది నెలల్లో, 1983 జనవరిలో ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నారు. థియేటర్ ముందు కటౌట్‌కు దండ వేసిన చేతులే జెండా పట్టుకున్నాయి. 2008లో చిరంజీవి ప్రజారాజ్యం వచ్చింది, 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 2014లో పవన్ కల్యాణ్ జనసేన వచ్చింది. ఫ్యాన్ కాస్తా కార్యకర్త అయ్యే రాస్తా ఇక్కడే పడింది. హీరో సినిమా పోయినా ఫ్యాన్ ఫ్యానే. ఆ ఆదత్ పార్టీకి కూడా అంటుకుంది.

ఇక ఓట్ల జూబ్లీహిల్స్. బంగళాల జూబ్లీహిల్స్ వేరు, ఓట్ల జూబ్లీహిల్స్ వేరు. ఆ నియోజకవర్గమంటే యూసుఫ్‌గూడ, బోరబండ, రహ్మత్‌నగర్, ఎర్రగడ్డ, షేక్‌పేట్. కష్టం చేసుకుని బతికే అవాం ఉండే బస్తీలు. ఇక్కడి నాయకుల జెర్సీలు ఒకసారి చూడండి. 2014లో మాగంటి గోపీనాథ్ తెలుగుదేశం నుంచి గెలిచారు, తర్వాత టీఆర్ఎస్‌కు వెళ్ళి 2018లో, 2023లో మళ్ళీ గెలిచారు. అదే 2014లో మజ్లిస్ తరఫున నిలబడి రెండో స్థానంలో నిలిచింది నవీన్ యాదవ్. 2018లో ఇండిపెండెంట్, 2025 నవంబర్ ఉపఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచి ఎమ్మెల్యే. 2009లో కాంగ్రెస్ ఎమ్మెల్యేగా ఉన్న విష్ణువర్ధన్ రెడ్డి 2023లో బీఆర్ఎస్‌కు వెళ్ళారు. ఆటగాళ్ళు క్లబ్బు మారినంత సులువుగా నాయకులు పార్టీలు మారుతుంటే, వాళ్ళ కోసం గల్లీలో సొంత అన్నదమ్ములు మాట్లాడుకోకుండా పోయారు. గోపీనాథ్ సాబ్ ఇప్పుడు లేరు, ఆయన మీద నాకు ఫిర్యాదేమీ లేదు. జెర్సీ మార్చడం వాళ్ళ హక్కు. కానీ వాళ్ళే మారుతున్నప్పుడు మన వఫాదారీ ఎవరికి? జెండా రంగుకా?

మధ్యలో అజర్ భాయ్ కిస్సా. 99 టెస్టులు ఆడి, 47 టెస్టుల్లో భారత్‌కు కెప్టెన్సీ చేసిన మన హైదరాబాదీ ముహమ్మద్ అజరుద్దీన్ 2023లో కాంగ్రెస్ టికెట్ మీద జూబ్లీహిల్స్‌లో నిలబడి ఓడిపోయారు. ఉపఎన్నిక పోలింగ్‌కు సరిగ్గా 11 రోజుల ముందు, 2025 అక్టోబర్ 31న, మంత్రిగా ప్రమాణం చేశారు. రేవంత్ రెడ్డి సర్కారులో మొదటి ముస్లిం వజీర్. ఖుషీ పడ్డవాళ్ళున్నారు, ఓట్ల కోసమే అన్నవాళ్ళున్నారు. నేను రెండింటినీ కాదనను. నా సవాల్ వేరే. రెండేళ్ళు ఖాళీగా ఉంచిన పొజిషన్‌కు ఫైనల్ ముందు రోజు ఆటగాణ్ణి దింపిన కోచ్‌ని మనం ఆట విషయంలో వదిలిపెడతామా? రాత్రంతా తిట్టమూ? మరి పార్టీ విషయంలో "షుక్రియా" ఒక్కటే ఎందుకొస్తుంది?

ఇప్పుడు అసలు ఉస్తాద్ దగ్గరికి వద్దాం. సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్, 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి బడుల్లో పాఠాలు చెప్పిన టీచర్. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ. ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్న కాలం ఎలాంటిదో గుర్తు చేసుకోవాలి. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. రియాసత్ పోయింది. నౌకరీలు పోయినవాళ్ళు, ఇళ్ళు పోయినవాళ్ళు, మనుషులనే పోగొట్టుకున్నవాళ్ళు మన బుజుర్గుల్లో ఎందరో. ఈ శహర్ ముసల్మాన్ తలవంచుకుని నడిచిన రోజులవి.

రెండేళ్ళకే, 1950లో, అదే శహర్ పోలీస్ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్ ఎత్తింది. 1954 దాకా వరుసగా ఐదేళ్ళు దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. 1950 డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించింది. ఆ జట్టులో ముసల్మాన్లు ఎక్కువే, కానీ అది ముసల్మాన్ల జట్టని ఎవరూ బోర్డు పెట్టలేదు. ఏ పార్టీ జెండా దాని మీద లేదు. కలకత్తాలో మహమ్మడన్ స్పోర్టింగ్ 1934 నుంచి 1938 దాకా వరుసగా ఐదు లీగులు గెలిచినప్పుడు ఆ గెలుపు ఖౌమ్ ఫఖ్ర్‌గా మారి, బెంగాల్ సియాసత్‌లో కలిసిపోయింది. హైదరాబాద్ కథ వేరు. ఓడిపోయిన శహర్‌కు ఇజ్జత్ తిరిగి తెచ్చింది నినాదం కాదు, పాసింగ్.

రహీం సాహెబ్ ఎంపికల మీద గుసగుసలు అప్పుడూ ఉన్నాయి. హైదరాబాద్ వాళ్ళకు ఎక్కువ చోటిస్తాడని కలకత్తా వైపు, కలకత్తా వాళ్ళదే చలామణీ అని ఇటువైపు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ జట్టులో నూర్ ముహమ్మద్, అజీజ్, జుల్ఫికరుద్దీన్, తంగరాజ్, బలరాం లాంటి మనవాళ్ళు గట్టిగానే ఉన్నారు. ఆ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీఫైనల్ దాకా వెళ్ళింది, నాలుగో స్థానంలో నిలిచింది. భారత ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో దాన్ని మించి ఇప్పటిదాకా పోలేదు. అయితే ఆ ఆస్ట్రేలియా మ్యాచ్‌లో హ్యాట్రిక్ కొట్టింది నెవిల్ డిసౌజా, బొంబాయి ఆటగాడు. కెప్టెన్ సమర్ బెనర్జీ, బెంగాలీ. సిఫారిష్ మీద నడిచే జట్టు అలా ఉండదు.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఇంకా పెద్ద మిసాల్. అక్కడ కెప్టెన్ చునీ గోస్వామి, మోహన్ బగాన్ మనిషి. సికింద్రాబాద్ అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టి ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిన తులసీదాస్ బలరాం ఉన్నాడు, మన యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తర్వాత థాయిలాండ్ మీద గెలుస్తూనే డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే అతణ్ణి పక్కన కూర్చోబెట్టేవారు. రహీం సాహెబ్ ఆ పంజాబీ డిఫెండర్‌ని తీసుకెళ్ళి ఫార్వర్డ్‌లో నిలబెట్టారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద అతను గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లో అదే దక్షిణ కొరియా మీద పి.కె.బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1. బంగారు పతకం. "ఇతను ఎవరి మనిషి" అని కాదు, "ఇతను ఎక్కడ పనికొస్తాడు" అని అడిగిన కోచ్ నిర్ణయం అది. ఆ తర్వాత ఇన్ని దశాబ్దాల్లో ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారం రాలేదు.

ఆ ఫైనల్ ఎలాంటి హాలత్‌లో జరిగిందో కూడా చెప్పాలి. ఇండొనేషియా సర్కారు ఇజ్రాయెల్, తైవాన్ జట్లకు వీసాలు ఇవ్వలేదు. అలాగైతే వీటిని ఏషియన్ గేమ్స్ అనకూడదని మన దేశపు క్రీడాధికారి జి.డి.సోంధీ పట్టుబట్టారు. జకార్తాలో జనం భగ్గుమన్నారు. ఫైనల్ ముందు రోజు భారత రాయబార కార్యాలయం మీదికి గుంపు పోయింది. వాదన చేసింది ఒక అధికారి, గోల చేసింది గుంపు, తిట్లు తిన్నది పదకొండు మంది కుర్రాళ్ళు. లక్ష మంది దాకా ఉన్న స్టేడియం మొత్తం మన జట్టుకు వ్యతిరేకంగా అరుస్తుంటే, మనకు చప్పట్లు కొట్టిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ జట్టు ఆటగాళ్ళు ఉన్నారని మన ఆటగాళ్ళు తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. హాకీలో మనల్ని ఫైనల్లో ఓడించి బంగారం పట్టుకుపోయింది వాళ్ళే. సర్కార్ల దుష్మనీ సర్కార్లకు, ఆటగాడి కష్టం ఆటగాడికి అని వాళ్ళకు తెలుసు.

మరి మనకు? జట్టు లిస్టు రాగానే మనవాళ్ళ పేర్లు లెక్కపెట్టడం మన ఇళ్ళల్లో ఆదత్. దాంట్లో తప్పు పట్టను. తన పేరుగలవాడు మైదానంలో కనిపిస్తే పిల్లాడికి హౌస్లా వస్తుంది. కానీ ఆ లెక్క అక్కడితో ఆగదు. 2021లో పాకిస్తాన్ చేతిలో పది వికెట్ల తేడాతో ఓడిన రోజు పదకొండు మందీ ఓడారు, దేశభక్తి ఇమ్తెహాన్ మాత్రం ఒక్క ముహమ్మద్ షమీకే పెట్టారు. జర్మనీలో మెసూత్ ఓజిల్ 2014లో ప్రపంచ కప్ గెలిచిన జట్టులో వాడు. 2018లో ఎర్దోగాన్‌తో ఫొటో దిగాడు, అదే ఏడాది జట్టు కొరియా చేతిలో ఓడి ఇంటిదారి పట్టింది. గెలిచినప్పుడు తను జర్మన్, ఓడినప్పుడు పరాయివాడు అయిపోతున్నానని బాధపడి జాతీయ జట్టునే వదిలేశాడు. ఆ ఫొటో నాకూ నచ్చలేదు. నాయకుడి పక్కన నవ్వుతూ నిలబడే ఆటగాడు తన జెర్సీని ఆ నాయకుడికి అరువిచ్చినట్టే. అయినా ఓటమికి హిసాబ్ ఫొటోతో కాదు, ఆటతో చూడాలి. పేరు చూసి పొగడటం, పేరు చూసి తిట్టడం ఒకే తాసుబ్‌కు రెండు చేతులు. మొదటిది మనం చేస్తూ రెండోదాన్ని ఎదుటివాళ్ళలో చూసి ఏడిస్తే ఇన్సాఫ్ కాదు.

ఇక హిసాబ్ సంగతి. మన ఫతే మైదాన్, ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం. అక్కడ 2023 డిసెంబర్ 7న ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం జరిగింది. సర్కారు దావతే ఇఫ్తార్‌లు ఏ పార్టీ వచ్చినా అక్కడే. ఇఫ్తార్ ఖజూర్ తినడానికి వెళ్ళినవాళ్ళల్లో ఎంతమంది ఆ గడ్డి మీద బంతి ఎప్పుడు దొర్లుతుందని అడిగారు? హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో కేరళను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. గచ్చిబౌలి దాని ఇల్లు. యాజమాన్యం మారింది, 2025లో ఆ జట్టు ఢిల్లీకి వెళ్ళి పేరే మార్చుకుంది. అదే ఏడాది డిసెంబర్ 13న ఉప్పల్‌లో మెస్సీ వచ్చాడు, ముఖ్యమంత్రి స్వయంగా బంతి తన్నారు. ఆయనకు ఫుట్‌బాల్ మీద మొహబ్బత్ ఉన్న మాట సచ్చే. కానీ మెహమాన్ వచ్చిన రోజు వెలిగిన దీపాలు చూసి, ఇంటి బిడ్డ ఇల్లు వదిలి పోయిన సంగతి మరిచిపోతే ఎట్లా?

రహీం సాహెబ్ 1963 జూన్ 11న కాన్సర్‌తో వెళ్ళిపోయారు. జకార్తా బంగారానికి ఏడాది కూడా నిండలేదు. ఆయన మీద "మైదాన్" అని సినిమా 2024 ఈదుల్ ఫితర్‌కు వచ్చింది. తీసింది ముంబై వాళ్ళు, ఆయన వేషం కట్టింది అజయ్ దేవగణ్. రగ్బీ మీద "సై" తీసి, కబడ్డీ మీద "ఒక్కడు" తీసి, క్రికెట్ మీద "జెర్సీ" తీసిన మా ఫిలింనగర్ కొండకు, కొన్ని మైళ్ళ దూరంలో పాఠాలు చెప్పిన ఈ ఉస్తాద్ కథ అందలేదు. ఫ్యాన్లను తయారుచేసే కార్ఖానాకు ఫ్యాన్లు లేని హీరో కనిపించడు కాబోలు.

అందుకే నా గుజారిష్ ఇంతే. ఈసారి ఓటడగడానికి గల్లీలోకి వచ్చినవాడు ఏ జెండా పట్టుకొచ్చినా మూడు మాటలు అడగండి. మా బస్తీలో పిల్లలు ఆడే జాగా ఏది? దాని గేటు తాళం ఎవరి దగ్గరుంది? మా ఆడపిల్లలు అక్కడ సాయంత్రం ఎంతసేపు ఆడొచ్చు? జవాబు లేకపోతే చాయ్ తాగించి సలాం చెప్పి పంపండి. అదే సాయంత్రం మీ మొహల్లా జట్టు ఐదు గోల్సు తిని ఇంటికొస్తే, "రేపు మళ్ళీ ఆడదాం బేటా" అని వాళ్ళకూ అన్నం పెట్టండి.