మన గురువుల పేర్లు ఎక్కడ రాసి ఉన్నయి? మార్లవాయి నుంచి గుంజాల దాకా



పోస్టు కొంచెం పొడుగుంటది. రాత్రి తిన్నంక తీరిగ్గ చదవండి, కానీ మధ్యల ఆపకండి.

పోయిన నెల మాలో ఒక తమ్మునికి క్లాసులో ఒక ప్రశ్న ఎదురైంది. "మీ భాషకు లిపి లేదు కదా, మరి సాహిత్యం ఎట్లుంటది?" అని. అడిగినవాళ్లకు చెడు ఉద్దేశం ఏమీ లేదు. తమ్ముడు గోండు పిల్లగాడు. ఇంట్లో గోండి మాట్లాడతాడు, బడిలో తెలుగు చదివిండు, ఇక్కడికొచ్చి ఇంగ్లీషుల పరీక్షలు రాస్తున్నడు. జవాబు తెలియక తల వంచుకున్నడు. ఆ సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ ముందర గడ్డిమీద కూర్చొని ఇదే మాట్లాడుకున్నం. మాట్లాడుతుంటే అర్థమైంది, ఆ ప్రశ్నకు జవాబు తెలియనిది తమ్మునికి ఒక్కనికే కాదు, మాలో సగం మందికి తెలియదు. అందుకే మేము తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నం.

ముందుగా ఈ క్యాంపస్ సంగతి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో పుట్టింది. పై చదువులు ఇంగ్లీషులోనే అని అందరూ నమ్మే కాలంలో, ఉర్దూలో డిగ్రీ చదువు చెప్పొచ్చని నిలబడి చూపించిన సంస్థ ఇది. విచిత్రం ఏందంటే, అదే 1918లో మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ ప్రాంతంలో మున్షీ మంగల్ సింగ్ మసారాం అనే గోండు మనిషి గోండి భాషకు సొంతంగా ఒక లిపి తయారు చేసిండు. ఒకవైపు నిజాం ఖజానా, ఇంకోవైపు ఒక మనిషి చేతిలో కలం. ఇద్దరి ఆలోచనా ఒకటే: చదువు మనకు తెలిసిన భాషలో ఉండాలె. ఒకరి కలకు రాతి భవనం లేచింది. ఇంకొకరి కల సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యం కూడా కాలేదు.

మనం రోజూ ఫొటోలు దిగే ఆర్ట్స్ కాలేజీ భవనం 1939 డిసెంబరులో ప్రారంభమైంది. ఆ తర్వాతి ఏడే, 1940లో, జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిండు. భీం పోరాటం తర్వాత అసలు అడవిలో ఏం జరిగింది, గోండులు ఎందుకు తిరగబడ్డరు అని తెలుసుకోక తప్పని పరిస్థితి నిజాం సర్కారుకు వచ్చింది. ఆ పనికి కుదిరినవాడు ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. రెండో ప్రపంచ యుద్ధం వల్ల హైదరాబాద్ రాజ్యంలోనే ఉండిపోవాల్సి వచ్చిన మనిషి. మొదట నల్లమల చెంచుల దగ్గర ఉన్నడు, తర్వాత భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి ఆదిలాబాద్ అడవుల్లోకి, మార్లవాయికి పోయిండు. 1945లో గిరిజనుల విషయంలో సర్కారుకు సలహాదారు అయిండు, ఈ ఉస్మానియాలోనే పాఠాలు కూడా చెప్పిండు.

హైమెన్‌డార్ఫ్ పుస్తకాల గురించి చాలామంది రాసిన్రు. మాకు కావాల్సింది వేరే సంగతి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. బయటి నుంచి పంతుళ్లను తెచ్చి గూడేల్లో పెట్టడం కాదు. అక్షరం ముక్క కొద్దో గొప్పో వచ్చిన గోండు యువకులను వెతికి పట్టుకొని, వాళ్లనే పంతుళ్లుగా తయారు చేయాలన్నది ఆలోచన. పాఠం గోండిలో. లిపి మాత్రం దేవనాగరి, ఎందుకంటే మరాఠీ అప్పటికే ఆ ప్రాంతానికి అలవాటైన భాష. వాచకాల పనిలో హైదరాబాద్ సర్వీసు అధికారి సేతుమాధవరావు పగ్డీ చేయి ఉంది. ఆయన తర్వాత గోండి భాషకు వ్యాకరణం కూడా రాసిండు.

ఒక్కసారి ఊహించుకోండి. మూడేండ్ల కింద సర్కారు తుపాకీ చూసిన ప్రాంతం. అదే సర్కారు బడి పెడతమంటే ఎవరు నమ్ముతరు? నమ్మిన్రు. ఎందుకంటే నల్లబల్ల ముందర నిలబడ్డవాడు మేనమామ కొడుకు. తిడితే గోండిలనే తిట్టిండు, మెచ్చుకుంటే గోండిలనే మెచ్చుకున్నడు. అట్ల తయారైన వాళ్లలో కొందరు పంతుళ్లుగానే మిగిలిన్రు, కొందరు పట్వారీలుగా, చిన్న ఉద్యోగులుగా మారిన్రు. కాగితం చదివి, ఇది మా భూమి అని ఆఫీసులో నిలబడి చెప్పగలిగిన మొదటి తరం వాళ్లదే.

తర్వాత ఏమైంది? 1948లో రాజ్యం పోయింది, 1956లో రాష్ట్రం మారింది. బడి భాష తెలుగైంది, పంతులు బయటి నుంచి వచ్చిండు. భవనాలు పెరిగినయి, ఆశ్రమ పాఠశాలలు వచ్చినయి. మేమంతా ఆ ఆశ్రమ పాఠశాలల అన్నం తిని చదివినవాళ్లమే, ఆ రుణం మర్చిపోం. కానీ గోండి బడి నుంచి ఇంటికి వాపస్ పోయింది. బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేసిన్రు. హైమెన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో పోయిండు, చాలా ఏండ్ల తర్వాత ఆయన అస్థికలు కూడా అక్కడికే చేరినయి. ఏటా జనవరి 11న ఊరు వాళ్లను తలుచుకుంటది. అది మనవాళ్ల పెద్దమనసు. కానీ అక్కడ మొదటిసారి సుద్దముక్క పట్టిన గోండు యువకుల పేర్లు మనలో ఎందరికి తెలుసు? మేము అడిగి చూసినం. ఒక్కరు కూడా నాలుగు పేర్లు చెప్పలేదు.

ఇప్పుడు తార్నాక సంగతికి వద్దాం. క్యాంపస్‌లో తార్నాక వైపు ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, పరిశోధనా సంస్థ ఉంది. తాళపత్రాలు, పాత చేతిరాత గ్రంథాలు దాచే చోటు. బస్సు దిగి దాని ముందర నుంచే ఎన్నోసార్లు నడిచినం, లోపలికి మాత్రం పోలే. ఆ సంస్థకు డైరెక్టర్‌గా పనిచేసిన వారు ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు. జానపద, ఆదివాసీ సాహిత్యం వెతుక్కుంటూ ఊర్లు తిరిగిన పరిశోధకులు. 2006లో ఆయన బృందానికి ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో కొన్ని చేతిరాత ప్రతులు కనిపించినయి. అది తెలుగు కాదు, దేవనాగరి కాదు, మసారాం లిపి కూడా కాదు. గోండి భాషకే ఉన్న ఇంకో లిపి. ప్రతుల్లో ఒకటి 1750 ప్రాంతం నాటిదని పరిశోధకుల అంచనా. వాటిల్ల అంకెలున్నయి, వారాల పేర్లు, నెలల పేర్లు, పండుగల పేర్లున్నయి. చంద్రాపూర్ గోండు రాజుల ముచ్చట్లు కూడా ఉన్నయి.

పేపర్లు అన్నీ "గుంజాల లిపిని కనుగొన్నారు" అని రాసినయి. ఆ మాట దగ్గర మేము ఒక్క నిమిషం ఆగుతం. బయటి లోకానికి అది కొత్తగా కనిపించింది, నిజమే. చూపించినవాళ్లకు మనస్ఫూర్తిగా దండం పెడతం. కానీ గుంజాలలో అది తప్పిపోయిన వస్తువు కాదు. వానకు తడవకుండా, చెదలు పట్టకుండా, పిల్లలు చింపకుండా తరాల కొద్దీ ఎవరో దాచిన్రు. అది చదవగలిగిన ముసలివాళ్లు కొద్దిమంది ఆ ఊర్ల అప్పటికీ ఉన్నరు. వాళ్లు చదివి వినిపించకపోతే ఎంత పెద్ద ప్రొఫెసర్‌కైనా అది వంకర గీతల కాగితమే. విశ్వవిద్యాలయం గుంజాలకు గురువుగా పోలేదు, విద్యార్థిగా పోయింది. ఈ సంగతి మన చరిత్రలో సరిగ్గా రాయాలె.

మార్లవాయిలో జరిగిందే అక్కడ మళ్లీ జరిగింది, ఈసారి మన లిపితోనే. ముసలివాళ్ల దగ్గర ఊరి యువకులు నేర్చుకున్నరు. నేర్చుకున్నవాళ్లు పిల్లలకు చెప్పడం మొదలుపెట్టిన్రు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని దళిత, ఆదివాసీ అధ్యయన, అనువాద కేంద్రం ఈ పనికి తోడు నిలబడ్డది. వాచకం వచ్చింది, కంప్యూటర్ అక్షరాలు వచ్చినయి. మసారాం గోండి 2017లో, గుంజాల గోండి 2018 జూన్‌లో యూనికోడ్‌లో చేరినయి. అంటే లోకంలో ఏ ఫోనులోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా ఆ అక్షరానికి ఇప్పుడు ఒక స్థిరమైన చోటు ఉంది.

లిపి ఒక్కటే చదువు కాదు. మన దగ్గర ఎక్కువ చదువు పాటలో, వాయిద్యంలో, ఆటలో ఉంటది. దండారి ఆడే పిల్లగాడు అడుగు వేయడం ఒక్కటే నేర్చుకోడు. ఏ ఊరికి ముందు పోవాలె, ఏ గోత్రం వాళ్లతో ఎట్ల మాట్లాడాలె, దీక్షల ఎట్ల ఉండాలె, అన్నీ నేర్చుకుంటడు. పర్ధాను కిక్రి పట్టుకుంటే వంశాల చరిత్ర వస్తది. అందుకే మార్లవాయి కనకరాజు గారిని మేము పంతుళ్ల లెక్కలనే వేస్తం. ఆశ్రమ పాఠశాలలో చిన్న కొలువు చేసుకుంటూ ఎన్నో ఏండ్లు యువకులకు గుస్సాడీ నేర్పిండు. 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబరులో మనల్ని విడిచిపోయిండు. మణుగూరు వైపు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు కూడా అంతే. పడిగె ముందర నిలబడి సమ్మక్క సారలమ్మల కథ, కోయ వీరుల కథలు గంటల కొద్దీ చెప్పేవాడు. 2022లో పద్మశ్రీ ప్రకటించిన్రు, 2024 జూన్‌లో పోయిండు. ఒకే ఏడు ఇద్దరు పోయిన్రు. రెండు విశ్వవిద్యాలయాలు మూతపడ్డట్టే అనుకున్నం.

జయధీర్ గారు, పాలమూరు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే గూడూరు మనోజ గారు ఆదిధ్వని ఫౌండేషన్ పేరుతో ఇట్లాంటి వాయిద్యాలు, పడిగెలు, లోహ శిల్పాలు, కథనాలు సేకరించిన్రు. హైదరాబాద్‌లో ప్రదర్శనలు పెట్టిన్రు. పట్నంలో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఆ వాయిద్యాలను దగ్గర నుంచి చూసే అవకాశం వాటి వల్ల దొరికింది. ఆ పనికి విలువ కట్టలేం. అయినా అద్దాల పెట్టెలో కిక్రి మోగదు. ఈ సంగతి సేకరించేవాళ్లకు మనకంటే బాగా తెలుసు.

ఇంత రాసినంక మాకు అర్థమైన లెక్క ఒకటి చెప్తం. బయటి నుంచి మంచి మనసుతో వచ్చినవాళ్లు ఎప్పుడూ ఉన్నరు, ఇక ముందు కూడా ఉంటరు. వాళ్లు ఎన్ని పుస్తకాలు రాసిన్రు, ఎన్ని ప్రదర్శనలు పెట్టిన్రు అని కాదు చూడాల్సింది. వాళ్లు పోయినంక మన ఊర్ల నేర్పేవాడు మిగిలిండా లేదా? 1943ల మార్లవాయి నిలబడ్డది అందుకే. ఆ నేర్పేవాళ్లను కొనసాగించే ఏర్పాటు లేకుండా పోయింది కాబట్టే తర్వాత సన్నబడ్డది. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపితో ప్రాథమిక వాచకాలు వచ్చినయి. వాటిని గోండి, కోయ, కొలామీ తెలిసిన పంతులు చేతిలో పెడితే ప్రాణం వచ్చింది, తెలియని పంతులు చేతిలో పెడితే అల్మారా ఎక్కినయి. గుంజాల లిపికి కూడా రేపు ఇదే పరీక్ష. యూనికోడ్ అక్షరానికి చోటిస్తది, చదివే మనిషిని ఇయ్యదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు దాదాపు 29 లక్షల 84 వేల మంది. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో గోండి లేదు. సంతాలీకి 2003 సవరణతో చోటు దొరికింది. దాని వెనక రఘునాథ్ ముర్ము 1925లో చేసిన ఓల్ చికి లిపి ఉంది. ఆ లిపిలో రాసి, చదివి, నాటకాలు ఆడి దాన్ని బతికించిన తరాలున్నయి. గోండికి రెండు లిపులున్నయి. ఏది వాడాలె అని కొట్లాడుకునేవాళ్లు కూడా ఉన్నరు. మా మాట ఒకటే: ముందు ఏదో ఒకదాంట్లో రాయండి.

తమ్మునికి ఇప్పుడు జవాబు దొరికింది. "మా భాషకు ఒకటి కాదు, రెండు లిపులున్నయి సార్. లిపి లేనప్పుడు కూడా సాహిత్యం ఉంది, కిక్రి మీద, పడిగె మీద." పోయిన వారం క్లాసులో లేచి ఈ మాట చెప్పిండు. అడిగినవాళ్లు బోర్డు మీద రాయమన్నరట. వాని పేరు గుంజాల లిపిలో రాసిండు. రెండు అక్షరాలు తప్పు పోయినయట, రాత్రి మళ్లీ కూర్చొని దిద్దుకున్నడు.

చివరగా ఒక పని. దీపావళికి దండారి సమయంలో ఊర్లకు పోతరు కదా. ఫోన్ల రీల్స్ తీసుకోండి, ఎవరూ వద్దనరు. దాంతోపాటు మీ ఊర్ల గుమేల వాయించడం, కిక్రి పట్టడం, కథ చెప్పడం, అక్షరం దిద్దించడం ఎవరు నేర్పిన్రో అడగండి. వాళ్లకు నేర్పింది ఎవరో కూడా అడగండి. పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నరు, ఈ మూడూ రాసుకొని, వాళ్లు సరే అంటేనే తీసుకురండి. కోయ, కొలాం, నాయకపోడు, లంబాడా, చెంచు, ఏ తెగ వాళ్లయినా సరే. సెలవుల తర్వాత అందరం ఆర్ట్స్ కాలేజీ ముందర కూర్చొని ఒక్క నోటుబుక్కుల ఎక్కిద్దాం. నోటుబుక్కు కొని పెట్టినం. మొదటి పేజీ మార్లవాయి తొలి పంతుళ్ల కోసం ఖాళీగా వదిలినం. వాళ్ల మనవలు, మనవరాళ్లు ఈ గ్రూపుల ఎవరైనా ఉంటే ముందుకు రండి.

జోహార్.